కంప కొట్టాక మొదలయ్యే పని: పొదలు కమ్మేసిన పచ్చిక మళ్ళీ మేతకు రావాలంటే

ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని మేత భూమిలోకి వెళ్ళి, ఒక పొదను రెండు చేతులతో పక్కకు తీసి కింద నేలను చూడాలి. ఎండాకుల మధ్య, నీడకు పాలిపోయి, దారప్పోగుల్లా సాగిన గడ్డిపరకలు నాలుగైదు కనిపించవచ్చు. లేదా వట్టి మట్టి కనిపించవచ్చు. ఆ భూమి ఒక్క వానాకాలంతో తేరుకుంటుందా, నాలుగైదేళ్ళు పడుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. కానీ అందరి కళ్ళూ పడేది పొద మీదే. దాన్ని ఎలా కొట్టాలి, ఎన్ని రోజుల్లో కొట్టాలి, జేసీబీ పెట్టాలా, కూలీలను పెట్టాలా? చర్చంతా దాని చుట్టూ తిరుగుతుంది. కింద గడ్డి ఉందా లేదా అని అడిగేవాళ్ళు తక్కువ.

మిషన్ వస్తుంది, రెండు రోజుల్లో నేల నున్నగా తేలుతుంది, చూడ్డానికి కడుపు నిండుతుంది. మొదటి వాన పడ్డాక నరికిన ప్రతి మోడు నుంచీ ఒక కొమ్మకు బదులు ఐదారు కొమ్మలు లేస్తాయి. వట్టి మట్టి పైకి తేలిన చోటల్లా వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మొలుస్తుంది. పెట్టిన డబ్బంతా పొదను ఇంకా గుబురు చేయడానికే ఉపయోగపడినట్టవుతుంది. ఇందులో మిషన్ తప్పేమీ లేదు. పొద వెళ్ళాక ఖాళీ అయిన జాగాలోకి ముందుగా ఎవరు వచ్చి కూర్చోవాలి అన్నది ఎవరూ ఆలోచించకపోవడమే తప్పు. ఖర్చులో, శ్రద్ధలో పెద్ద వాటా గడ్డికి దక్కాలి. జరిగేది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

అసలు పచ్చిక ఎందుకు పొదల పాలవుతుందో తెలుసుకోకుండా మొదలుపెడితే, అదే కథ మళ్ళీ జరుగుతుంది. గడ్డికీ పొదకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. చెట్టుచేమలకు ఎదిగే మొగ్గ కొమ్మ చివర ఉంటుంది. గడ్డికి అది మట్టికి ఆనుకుని, దుబ్బు అడుగున దాక్కుని ఉంటుంది. అందుకే పశువు ఆకును కొరికేసినా గడ్డి అడుగు నుంచి మళ్ళీ తోసుకొస్తుంది, కొత్త పిలకలు వేస్తుంది. మేసే జంతువులతో కలిసి లక్షల ఏళ్ళు బతికిన మొక్క అది. కొరకడం ఆగిపోతే దానికే నష్టం. మేయని గడ్డి ముదిరి, ఎండి, అక్కడే పడుతుంది. ఆ ఎండుగడ్డి చాపలా దుబ్బును కప్పేస్తుంది, అడుగున ఉన్న మొగ్గలకు వెలుతురు అందదు. పిలకలు తగ్గుతాయి, దుబ్బు నడిమధ్య చచ్చి బోలుగా మారుతుంది. ఆ సందులో ఒక పిట్ట రెట్టతో పడిన లాంటానా అనే ముళ్ళపొద గింజ మొలిస్తే దాన్ని అడ్డుకునే వాళ్ళుండరు. మేత మానేసిన భూమి పాడయ్యే దారి ఇది.

రెండో దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఫలితం మాత్రం ఒకటే. మంద ఏడాది పొడుగునా ఒకే చోట తిరిగితే పశువులు రుచైన గడ్డినే ఏరి కొరుకుతాయి. నిన్న కొరికిన చోట లేత చిగురు వస్తుంది కాబట్టి ఇవాళ మళ్ళీ అక్కడికే వస్తాయి. ముళ్ళ మొక్కలను, చేదు మొక్కలను, ఘాటు వాసన మొక్కలను ముట్టవు కాబట్టి ఆ మొక్కలు హాయిగా పూత పూసి గింజ రాల్చుకుంటాయి. మంచి గడ్డికి ఏమవుతుందో అమెరికాలో 1955లో అచ్చయిన శాస్త్రవేత్త క్రైడర్ ప్రయోగాలు స్పష్టంగా చూపించాయి. ఆకులో సగం దాకా కత్తిరిస్తే వేళ్ళ ఎదుగుదలకు పెద్దగా ఇబ్బంది రాలేదు. 80 శాతం కత్తిరిస్తే వేళ్ళు 12 రోజులపాటు పూర్తిగా ఆగిపోయాయి. ఆగిపోయిన ఆ రోజుల్లో పశువు మళ్ళీ కొరికితే? వేరు పైపైకి వస్తుంది, చిన్న ఎండకే గడ్డి వాడిపోతుంది, నేలలోని తడి పొద చేతికి చిక్కుతుంది.

ఫ్రాన్స్‌లో స్వయంగా ఆవులను మేపిన శాస్త్రవేత్త ఆంద్రే వ్వాజాన్ 1950లలో పదేపదే చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. అతిమేత అంటే పశువుల సంఖ్య ఎక్కువవడం మాత్రమే కాదు, గడ్డి కోలుకోకముందే రెండోసారి నోరు పడటం. పది ఆవులున్న చోటే కాదు, రెండు ఆవులే ఉన్న పెద్ద బయల్లోనూ అతిమేత జరుగుతుంది. ఒక మూల మోకాలెత్తు ముదురు గడ్డి, ఇంకో మూల బోడినేల ఉన్నాయంటే జరిగింది అదే.

కొన్ని మొక్కలు పశువునే బండిగా వాడుకుంటాయి. సర్కారు తుమ్మ కాయ తియ్యగా ఉంటుంది, పశువులు ఎగబడి తింటాయి. గట్టి పొట్టున్న గింజ మాత్రం కడుపులో అరగదు. మెత్తబడి, పేడతో పాటు ఎరువు కూడా వెంటేసుకుని నేల మీద పడుతుంది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో దాదాపు 2,500 చదరపు కిలోమీటర్ల బన్నీ గడ్డి మైదానానికి 1960లలో ఉప్పునేల ముందుకు రాకుండా ఆపడానికని ఈ చెట్టునే తెచ్చి నాటారు. తర్వాత అది మైదానంలో చాలా భాగాన్ని ఆక్రమించింది. కెన్యా, ఇథియోపియా మేత భూముల్లోనూ మంచి ఉద్దేశంతో నాటిన ఇదే చెట్టు పశుపాలకుల దారులు మూసేసింది. అందుకే కాయల కాలంలో తుమ్మ కంపల్లో తిరిగిన మందను బాగుచేసుకున్న పచ్చికలోకి నేరుగా తోలకూడదు. వారం పది రోజులు దొడ్లో ఉంచి కోసిన మేత వేస్తే, గింజలు చాలావరకు అక్కడే పడిపోతాయి. ఆ పేడను కుప్పవేసి బాగా కుళ్ళబెట్టాలి, పచ్చిది చేనికి తోలకూడదు. ఇంత చిన్న జాగ్రత్త పాటించకపోవడం వల్ల ఎంతో శ్రమ వృథా అవుతోంది.

కత్తి పట్టుకునే ముందు

మొదటి పని నడక. భూమి మొత్తం నెమ్మదిగా తిరిగి చూడాలి, గట్టి బూట్లు వేసుకుని, చేతిలో కర్రతో. గుబుర్లలో పాములుంటాయి, పూడిపోయిన గుంతలుంటాయి, గడ్డిలో మునిగిన పాత ముళ్ళతీగ ఉంటుంది. తుప్పుపట్టిన తీగముక్క, మేకు పశువు కడుపులోకి పోతే రెండో పొట్టను గుచ్చి, గుండె దాకా పోయి ప్రాణం తీస్తుంది. మంద అడుగుపెట్టక ముందే ఇవన్నీ ఏరేయాలి.

ఆ నడకలోనే ఉంచాల్సినవి ఏవో గుర్తుపెట్టుకోవాలి. నీడనిచ్చే పెద్ద చెట్లు ఉంచాలి, ఎండకు తట్టుకోలేని పశువు మేత మానేసి నిలబడిపోతుంది. వాగు గట్ల మీద చెట్టూ పొదా ముట్టుకోకూడదు. ఏటవాలు నేలలో ఒకేసారి మొత్తం చదును చేస్తే ఒక్క పెద్ద వానకు పైమట్టి కొట్టుకుపోతుంది. అక్కడ అడ్డంగా పట్టీలు పట్టీలుగా, ఒక పట్టీలో గడ్డి నిలబడ్డాకే రెండోది కొట్టాలి. ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఎప్పుడో మేత భూమి కదా అని, ఇప్పుడు రకరకాల చెట్లతో నిండుగా అడవై నిలబడిన చోటును మళ్ళీ నరకడం బాగుచేయడం కాదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా నాలుగైదు మొండి జాతులు ఆక్రమించిన పచ్చిక గురించే.

మట్టి పరీక్ష కూడా ఈ దశలోనే. పదిహేను ఇరవై చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి కలిపి పంపిస్తే చాలు. పులుపు (ఆమ్ల) నేలైతే సున్నం వేయాలి. అది పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి విత్తే రోజున వేస్తే లాభం లేదు. భాస్వరం తక్కువైతే పప్పుజాతి మేత నిలబడదు. యూరియా చల్లితే పచ్చగా అవుతుందన్న తొందర మాత్రం వద్దు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి నడుస్తున్న పచ్చిక ప్రయోగంలో ఎరువు వేయని మళ్ళలో 30కి పైగా రకాల మొక్కలు కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి అమ్మోనియా రూపంలో నత్రజని గుమ్మరించి సున్నం వేయని మళ్ళు పులిసిపోయి, రెండు మూడు రకాలకు కుదించుకుపోయాయి.

ఒక్కో మొండికి ఒక్కో మందు

సర్కారు తుమ్మకు ప్రాణం కొమ్మలో లేదు, నేల కింద కాండం మొదట్లో ఉంది. అక్కడ నిద్రపోతున్న మొగ్గలు వరుసగా ఉంటాయి. పైన నరికినప్పుడల్లా అవి లేస్తాయి. కాబట్టి మొదలు చుట్టూ తవ్వి, ఆ మొగ్గలున్న భాగమంతా వచ్చేలా వేరును కింద కోయాలి. లేత మొక్కకు జానెడు లోపే సరిపోతుంది, ముదురు చెట్టుకు 30 సెంటీమీటర్ల దాకా వెళ్ళాలి. దాని కింద మిగిలిన వేరు మళ్ళీ చిగురించదు. మోడును నేల మట్టానికి కోసి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని. తవ్వలేని చోట కోసిన కొద్ది నిమిషాల్లోనే, కోత ఇంకా తడిగా ఉండగానే, అందుకు అనుమతి ఉన్న కలుపు మందును మోడు అంచు చుట్టూ బ్రష్షుతో పూయాలి. బెరడు కింది పొరే మందును వేరుకు మోసుకెళ్తుంది. గంట ఆగితే ఆ దారి మూసుకుపోతుంది. గాల్లోకి పిచికారీ చేయడం కన్నా ఇది తక్కువ మందుతో అయ్యే పని, పక్కన గడ్డికీ హాని ఉండదు. డబ్బా మీద రాసి ఉన్నన్ని రోజులు పశువులను అటు రానివ్వకూడదు.

లాంటానాది వేరే తత్వం. దాన్ని కాలిస్తే, అడ్డంగా నరికితే రెట్టింపు ఉత్సాహంతో వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వృద్ధి చేసిన పద్ధతి ఒకటి కొన్ని అడవుల్లో మంచి ఫలితమిచ్చింది. పొద మొదట్లో మట్టి తొలగించి, తల్లివేరును నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద కోసి, పొద మొత్తాన్ని తలకిందులుగా తిప్పి పెట్టడమే అది. కాండం మట్టికి తగిలితే మళ్ళీ వేరు పోసుకుంటుంది, తిప్పి పెడితే ఆ అవకాశం ఉండదు. గింజ పండకముందే చేయాలి. తర్వాత ఆ పొద ఉన్న చోటే వెంటనే గడ్డి వేయాలి.

లాంటానా ఉన్న చోట ఆకలి మీదున్న పశువులను తోలడం ప్రమాదం. మామూలుగా ముట్టని ఆకును వేరే గతిలేక తింటే కాలేయం దెబ్బతింటుంది. తర్వాత ఎండ తగిలినప్పుడు ముట్టె మీద, తెల్లవెంట్రుకలున్న చోట చర్మం కమిలి పెచ్చులూడుతుంది. మేత దొరకని భూమిలోకి మందను తోలి, ‘అదే తిని శుభ్రం చేస్తుందిలే’ అనుకోవడం పశువును హింసించడమే. కోసిన కలుపు, మందు కొట్టిన కలుపు వాడిపోయినప్పుడు కొన్ని రకాలు మునుపటికన్నా రుచిగా అనిపించి పశువు తినేస్తుంది. అదీ గుర్తుంచుకోవాలి.

వయ్యారిభామకు పూత రాకముందే, తడి నేలలో, వేరుతో పీకడం ఉత్తమం. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఒంటికి దద్దుర్లు, కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది కాబట్టి ఒక్క ఏడాది ఏమరుపాటు కొన్నేళ్ళ పని పెంచుతుంది. దీని ఆకును తినే పెంకుపురుగును మెక్సికో నుంచి 1984లో భారతదేశానికి తెచ్చారు. వానాకాలంలో అది కొంత సాయం చేస్తుంది, దాని మీదే భారం వేయలేం. పురుగు పూర్తిగా గెలిచిన సందర్భమూ లోకంలో లేకపోలేదు. ఆస్ట్రేలియాలో సుమారు 2.4 కోట్ల హెక్టార్లను నాగజెముడు కమ్మేసినప్పుడు, 1925లో అర్జెంటీనా నుంచి తెచ్చిన చిన్న చిమ్మట గొంగళ్ళు పదేళ్ళు తిరక్కుండానే దాన్ని తొలిచి పడేశాయి. అలాంటి జోడీ ప్రతి కలుపుకీ దొరకదు.

మిగతా పొదలకు మేక మంచి పనివాడు. ఆవు నాలుకతో గడ్డి చుట్టి లాగుతుంది, గొర్రె నేలకు ఆనించి కొరుకుతుంది, మేక మాత్రం తలెత్తి ఆకు వెతుకుతుంది. పొదను ముందు నడుం ఎత్తుకు కోసి, చిగురు వచ్చాక మేకలను కట్టడిగా వదలాలి. చిగురు వేయడానికి పొద వేరులో దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. ఆకు విచ్చుకుని తిరిగి దాచుకునేలోపు మేక దాన్ని దూసేస్తుంది. అలా ఒకే ఏడాదిలో మూడు నాలుగు సార్లు జరిగితే చాలా పొదలు చచ్చిపోతాయి. చేత్తో కోసేటప్పుడూ ఇదే లెక్క. నిండా ఆకు వేసి, పూత ఇంకా రాని సమయంలో వేరు బాగా డీలా పడి ఉంటుంది, దెబ్బ గట్టిగా తగిలేది అప్పుడే. సర్కారు తుమ్మ ఆకును మాత్రం మేకలు కూడా పెద్దగా ముట్టవు, కాయనే వెతుక్కుంటాయి.

నిప్పు గురించి క్లుప్తంగా. ముదురు గడ్డి చాపను తొలగించడానికి, చిన్న మొలకలను చంపడానికి అది పనికొస్తుంది. వేళ్ళూనిన పొదను చంపదు. అనుమతి, అనుభవం, నిప్పు దాటకుండా చుట్టూ శుభ్రం చేసిన పట్టీ లేకుండా దాని జోలికి పోకూడదు.

ఖాళీ జాగాలో గడ్డి

మొదట్లో పొద కింద చూసిన పరకల సంగతి ఇప్పుడు తేలుతుంది. చదరపు మీటరులో నాలుగైదు మంచి దుబ్బులు సజీవంగా ఉంటే విత్తనం కొనక్కర్లేదు. వెలుతురు తగిలితే, ఒక వానాకాలం మేత లేకుండా వదిలితే అవే పిలకలు వేసి, గింజ రాల్చి సందులు పూడుస్తాయి. దున్నడం అనవసరం, హాని కూడా. దున్నితే ఉన్న దుబ్బులు తిరగబడతాయి, లోతుగా నిద్రపోతున్న కలుపు గింజలు పైకి వస్తాయి.

గడ్డి దాదాపు లేని చోట విత్తాలి. ఆ నేలకూ వానకూ అలవాటైన గడ్డినే మొదట వెతకాలి. అంజన్ గడ్డి ఎండకు ఆగే మంచి మేతే, కానీ అది సహజం కాని ఆస్ట్రేలియా మైదానాల్లో, ఉత్తర అమెరికా ఎడారుల్లో అదే పెద్ద కలుపై కూర్చుంది. గడ్డితో పాటు స్టైలో లాంటి పప్పుజాతి మేత కలిపితే వేరు బుడిపెల్లోని బాక్టీరియా నత్రజని తెచ్చిపెడుతుంది, మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి. స్టైలో గింజ పొట్టు గట్టిది, వేడినీళ్ళలో కాసేపు ఉంచి ఆరబెడితే మొలక బాగుంటుంది. నూగులాంటి గడ్డి గింజలు గాలికి ఎగిరిపోతాయి, తడి ఇసుకలో కలిపి చల్లాలి. సెంటీమీటరుకన్నా లోతుకు పోతే మొలక పైకి రాలేదు. పైపైన కంపతో గీకి, చల్లి, దాని మీదుగా గొర్రెల మందను ఒకసారి నడిపిస్తే డెక్కలే గింజను మట్టికి అదుముతాయి. కొట్టిన ముళ్ళకంపను తగలేయకుండా విత్తిన చోట పలుచగా పరిస్తే మొలకకు కాస్త నీడ, పశువుకు అడ్డు.

మేతకు సిద్ధమైందా లేదా అన్నది తారీఖు చెప్పదు, చెయ్యి చెప్తుంది. ఒక మొక్క ఆకులను గుప్పిట్లో పట్టుకుని, ఆవు లాగినట్టు పక్కకు గట్టిగా లాగాలి. ఆకు తెగి చేతికొస్తే వేరు పట్టింది. మొక్క మొత్తం మట్టితో ఊడివస్తే ఇంకా ఆగాలి. పది చోట్ల లాగితే తొమ్మిది చోట్ల ఆకు తెగాలి. మొదటి మేత కొద్దిసేపే, తేలికపాటి పశువులతోనే పెట్టాలి. విత్తిన ఏడాది అసలు మేపకుండా, గింజ రాలనిచ్చి, తర్వాత కోసుకెళ్ళడం ఇంకా మంచిది. పచ్చగా కనబడుతున్న గడ్డిని చూస్తూ పశువును ఆపడం ఎంత కష్టమో మేపేవాళ్ళకే తెలుసు. ఆ టెన్షన్ భరించలేక ముందే తోలిన చోట్లే ఎక్కువగా మళ్ళీ కంపపాలవుతాయి.

ఎన్ని పశువులు, ఎన్ని రోజులు

ఇది ఊహతో కాకుండా తూకంతో తేల్చుకోవచ్చు. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం ఒకటి కట్టి, భూమిలో పది చోట్ల పడేసి, లోపలి గడ్డి కోసి, పూర్తిగా ఆరబెట్టి తూచాలి. సగటున 200 గ్రాములు వచ్చిందనుకుంటే హెక్టారుకు 2,000 కిలోల ఎండు మేత ఉన్నట్టు. అందులో సగం గడ్డికే వదిలేయాలి, మిగిలేది 1,000 కిలోలు. 400 కిలోల ఆవు రోజుకు తన బరువులో రెండున్నర శాతం, అంటే 10 కిలోల ఎండు మేత తింటుంది. కాబట్టి ఆ హెక్టారు ఒక ఆవుకు 100 రోజులు, లేదా 20 ఆవులకు 5 రోజులు. ఈ రెండూ లెక్కలో ఒకటే, గడ్డికి మాత్రం ఒకటి కాదు. ఒక్క ఆవు వంద రోజులు తిరిగితే ఏరుకుని తింటుంది, కోలుకుంటున్న దుబ్బును మళ్ళీ కొరుకుతుంది. ఇరవై ఆవులు ఐదు రోజులుంటే అంతా సమంగా మేసి, కలుపును తొక్కి, పేడ పరిచి వెళ్ళిపోతాయి. తర్వాత గడ్డికి చాలినంత విరామం దొరుకుతుంది.

అందుకే భూమిని మళ్ళుగా విడగొట్టాలి. శాశ్వత కంచె వేయలేనప్పుడు ఒక్క తీగతో జరుపుకునే సోలార్ కరెంటు కంచె అయినా, కాపలా మనిషి అయినా ఫర్వాలేదు. నీళ్ళు మాత్రం ప్రతి మడికీ అందాలి, లేకపోతే నీళ్ళ దారే మొదట బోడవుతుంది. నిలువుగా పెరిగే గడ్డి మోకాలి దాకా రాకముందే, అంటే 25, 30 సెంటీమీటర్లప్పుడు మందను దించి, 10 సెంటీమీటర్లు మిగిలి ఉండగానే తీసేయాలి. గరికలాంటి పాకే గడ్డిని ఇంకా కిందికి మేపవచ్చు. వానలున్న రోజుల్లో నెల రోజుల విరామం సరిపోవచ్చు, ఎండల్లో రెండు మూడు నెలలూ చాలకపోవచ్చు. క్యాలెండరు ప్రకారం తిప్పేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. గడ్డి ఎత్తు చూసి తిప్పాలి, అందదనిపిస్తే పశువుల సంఖ్య తగ్గించాలి లేదా బయటి మేత వేయాలి.

రెండో ఏడాది వానలు మొదలైన మూడు వారాలకు ఆ భూమిలో మళ్ళీ ఒక నడక ఉంటుంది. అప్పటికి గడ్డి చీలమండ దాటి ఉంటుంది, మధ్యలో అక్కడక్కడా సర్కారు తుమ్మ మొలకలు రెండేసి ఆకులతో తేలుతాయి. నేల తడిగా ఉంటుంది కాబట్టి రెండు వేళ్ళతో లాగితే వేరుతో వచ్చేస్తాయి. అదే మొలకకు రెండేళ్ళు నిండితే గునపం కావాలి, ఐదేళ్ళు నిండితే మళ్ళీ మిషనే కావాలి. మూడో ఏడాది, నాలుగో ఏడాది కూడా అదే వారంలో అదే నడక.